కిడ్నీలో రాయికి కీహోల్ ఆపరేషన్: ఒక్కసారికే మొత్తం పోతుందా? మీ రిపోర్టు ఏం చెబుతోంది?

నడుము పక్కన మొదలైన నొప్పి గజ్జల దాకా పాకి, అర్ధరాత్రి మిమ్మల్ని క్యాజువాలిటీకి పరుగెత్తించింది. ఇంజెక్షన్‌తో తగ్గింది. మర్నాడు స్కానింగ్‌లో 14 మిల్లీమీటర్ల రాయి అని తేలింది. యూరాలజిస్టు ముందు కూర్చున్నాక మీరు అడిగేవి సాధారణంగా రెండే ప్రశ్నలు. ఎంతవుతుంది? ఒక్కసారికే మొత్తం పోతుందా?

మొదటి దానికి బిల్లింగ్ కౌంటర్‌లో జవాబు దొరుకుతుంది. రెండో దానికి చాలామందికి దొరికేది "ఏం భయం లేదండీ, చిన్న ప్రొసీజరే" అన్న ఒక్క మాట. హోర్డింగులైతే ఇంకో అడుగు ముందుకేసి కోత లేదు, కుట్టు లేదు, ఒక్క రోజులో ఇంటికి అంటాయి. పెద్ద కోత ఉండదన్నది నిజమే. కానీ రాయి పూర్తిగా పోతుందా లేదా అన్నది కోత సైజును బట్టి తేలే విషయం కాదు. రాయి ఎంత ఉంది, ఎక్కడ ఉంది, ఎంత గట్టిగా ఉంది, యూరిన్‌లో ఇన్ఫెక్షన్ ఉందా, ఆపరేషన్ చేసే చేతికి ఎంత అలవాటు ఉంది అన్న వాటి మీద ఆధారపడుతుంది. ఇందులో చాలా వరకు ఆపరేషన్‌కు ముందే తెలుసుకోవచ్చు. మీ చేతిలో ఉన్న సీటీ రిపోర్టులోనే సగం సమాచారం ఉంటుంది.

ముందుగా పేర్లు తెలుసుకుందాం

డాక్టర్ చీటీ మీద కనిపించే పొట్టి అక్షరాలు ప్రధానంగా నాలుగు. ఈఎస్‌డబ్ల్యూఎల్ అంటే శరీరం బయటి నుంచి షాక్ తరంగాలు పంపి రాయిని పగలగొట్టడం. ఇది 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. ఇందులో శరీరంలోకి ఏ పరికరమూ వెళ్లదు, పగిలిన ముక్కలు యూరిన్‌తో పాటు వాటంతట అవే బయటకు రావాలి. యూఆర్‌ఎస్ అంటే మూత్రం వచ్చే దారి గుండానే సన్నని గొట్టంలాంటి స్కోప్ పంపి, కిడ్నీ నుంచి బ్లాడర్‌కు వచ్చే మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని లేజర్‌తో పొడి చేయడం. అదే దారిలో, ఎటు కావాలంటే అటు వంగే స్కోప్‌తో కిడ్నీ లోపలి దాకా వెళ్తే దాన్ని ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు. నాలుగోది పీసీఎన్ఎల్. వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి, నేరుగా కిడ్నీలోకి గొట్టం దించి రాయిని పగలగొట్టి బయటకు లాగేస్తారు. స్వీడన్ డాక్టర్లు 1976లో దీన్ని మొదటిసారి వివరించారు. మామూలు పీసీఎన్ఎల్‌లో ఆ గొట్టం 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 'మినీ'లో 5 నుంచి 7 దాకా ఉంటుంది. మినీలో రక్తస్రావం తక్కువ, కానీ టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది.

ఏది గొప్ప అన్న చర్చ యూట్యూబ్‌లో తెగ నడుస్తుంటుంది. నిజానికి ఆ ప్రశ్నే సరైంది కాదు. 7 మిల్లీమీటర్ల రాయికి పీసీఎన్ఎల్ చేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. 35 మిల్లీమీటర్ల రాయికి షాక్ తరంగాలు ఇవ్వడం కొండను రాళ్లతో కొట్టడం. మీ రాయికి ఏది సరిపోతుందన్నదే అసలు లెక్క.

'సక్సెస్' అంటే ఏమిటి?

ఇది మొదటే అడగాల్సిన ప్రశ్న. ఎందుకంటే ఆస్పత్రులు చెప్పే శాతాలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. ఒక చోట ఒక్క రవ్వ కూడా మిగలకపోతేనే సక్సెస్. ఇంకో చోట 4 మిల్లీమీటర్ల లోపు ముక్కలు మిగిలినా సక్సెస్ కిందే లెక్క. ఒకరు ఎక్స్‌రే చూసి చెబుతారు, ఒకరు అల్ట్రాసౌండ్ చూసి చెబుతారు, ఇంకొకరు సీటీ తీస్తారు. ఎక్స్‌రేలో కనిపించని ముక్కలు సీటీలో కనిపిస్తాయి. అంటే అదే ఆపరేషన్, అదే పేషెంట్, చూసే మెషీన్ మారితే సక్సెస్ శాతం మారిపోతుంది.

మరి వాస్తవ లెక్కలు ఎలా ఉంటాయి? పీసీఎన్ఎల్ మీద జరిగిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనాల్లో ఒకటి 'క్రోస్' గ్రూపుది. 96 ఆస్పత్రుల్లో 5,803 మంది పేషెంట్లను గమనించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. అందులో రాయి పూర్తిగా పోయినవాళ్లు 75.7 శాతం. మళ్లీ ఇంకో చికిత్స అవసరం పడనివాళ్లు 84.5 శాతం. రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్లు 5.7 శాతం, ఆపరేషన్ తర్వాత జ్వరం వచ్చినవాళ్లు సుమారు 10 శాతం. అప్పటి నుంచి పరికరాలు చాలా మెరుగుపడ్డాయి. అయినా ఎవరైనా "నూటికి నూరు శాతం" అంటే ఈ అంకెలు ఒకసారి గుర్తు చేసుకోండి. నలుగురిలో ఒకరికి ఏదో ఒక ముక్క మిగిలింది, అదీ అనుభవం ఉన్న ఆస్పత్రుల్లో. మీరు ఆ ముగ్గురిలో ఉంటారా, ఆ ఒక్కరా అన్నది చాలావరకు ముందే అంచనా వేయొచ్చు.

సైజు: అంకె చిన్నదే, తేడా పెద్దది

అన్నింటికంటే ఎక్కువ ప్రభావం చూపేది రాయి సైజే. కానీ రిపోర్టులో రాసేది పొడవు. తీయాల్సింది మాత్రం మొత్తం రాయిని. 10 మిల్లీమీటర్ల గుండ్రటి రాయి కంటే 20 మిల్లీమీటర్ల రాయి పొడవులో రెట్టింపే అయినా, ఘనపరిమాణంలో ఎనిమిది రెట్లు. లేజర్ అంత ఎక్కువసేపు పనిచేయాలి, అంత ఎక్కువ పొడి బయటకు రావాలి. 'నిన్న మొన్నటి దాకా 12 ఉండేది, ఇప్పుడు 18 అయింది' అన్నప్పుడు రాయి సగమే పెరిగిందనుకుంటాం. డాక్టర్‌కు మాత్రం పని మూడింతలకు పైగా పెరిగింది.

యూరప్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు మోటుగా ఇలా చెబుతాయి: కిడ్నీలో రాయి 20 మిల్లీమీటర్లు దాటితే మొదటి ఎంపిక పీసీఎన్ఎల్. 10 లోపు అయితే షాక్ తరంగాలు గానీ ఆర్‌ఐఆర్‌ఎస్ గానీ. మధ్యలో ఉన్నవాటికి మిగతా అంశాలు చూసి నిర్ణయించాలి. 20 దాటిన రాయికీ ఆర్‌ఐఆర్‌ఎస్ చేసేవాళ్లున్నారు. చేయకూడదనేం లేదు. కానీ అలాంటప్పుడు రెండో సిటింగ్ పడే అవకాశం ఎక్కువ. ఆ విషయం మొదటి సిటింగ్‌కు ముందే మీకు చెప్పారా అన్నదే అసలు విషయం.

ఇక్కడే ఇంకో మాట. మూత్రనాళంలోకి దిగిన 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో మూడింట రెండు వంతులు వాటంతట అవే పడిపోతాయి. 5 నుంచి 10 మధ్య ఉన్నవాటిలో దాదాపు సగం పడిపోతాయి. కొండపిండి ఆకు కషాయానికీ, అరటి దవ్వ రసానికీ, బీరుకూ పేరొచ్చింది ఎక్కువగా ఈ రాళ్ల పుణ్యమే. జ్వరం లేకుండా, నొప్పి అదుపులో ఉండి, కిడ్నీ పనితీరు బాగుంటే చిన్న రాయికి కొన్ని వారాలు ఆగి చూడటం కూడా వైద్యమే. చిన్న రాయికి వెంటనే ఆపరేషన్ అంటే 'ఎందుకు ఆగకూడదు?' అని అడిగే హక్కు మీకుంది.

సైజు విషయంలో అల్ట్రాసౌండ్‌ను పూర్తిగా నమ్ముకోవద్దు. చిన్న రాళ్లను అది ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తుంటుంది, మూత్రనాళం మధ్యలో ఉన్నవాటిని చాలాసార్లు చూపించదు. ఆపరేషన్ నిర్ణయించే ముందు ఇంజెక్షన్ లేకుండా తీసే ప్లెయిన్ సీటీ కేయూబీ ఉండాలి. రేడియేషన్ తక్కువగా ఉండే 'లో డోస్' సీటీ సౌకర్యం ఉందేమో అడగండి.

కింది గదిలో రాయి ఎందుకు మొండిది?

కిడ్నీ లోపల చిన్న చిన్న గదులుంటాయి. వాటిలో పై గది, మధ్య గది, కింది గది అని స్థూలంగా మూడు భాగాలు. రిపోర్టులో 'లోయర్ పోల్' లేదా 'లోయర్ క్యాలిక్స్' అని ఉంటే రాయి కింది గదిలో ఉన్నట్టు. బావిలో పడ్డ రాయిలా, అక్కడి ముక్కలు పైకి ఎక్కితేగానీ బయటి దారి పట్టవు. షాక్ తరంగాలతో రాయి చక్కగా పగిలినా, ముక్కలు అక్కడే కూర్చుంటాయి. కొన్నాళ్లకు అవే మళ్లీ పెరుగుతాయి.

ఆ గది మెడ సన్నగా ఉంటే, పొడవుగా ఉంటే, కిడ్నీ మధ్య భాగంతో అది చేసే కోణం మరీ ఇరుకుగా ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఆర్‌ఐఆర్‌ఎస్‌లోనూ అంతే. స్కోప్ పూర్తిగా వంగాలి. వంగిన స్కోప్‌లోంచి లేజర్ ఫైబర్ పంపితే ఆ వంపు కొంత తగ్గుతుంది. అందుకే నేర్పున్న డాక్టర్లు వీలైతే ఆ రాయిని చిన్న బుట్టతో పట్టి, పై గదిలోకి తెచ్చి అక్కడ పగలగొడతారు. కింది గది, ఇరుకు కోణం, 15 మిల్లీమీటర్లు, ఈ మూడూ ఒకే రిపోర్టులో కలిస్తే మినీ పీసీఎన్ఎల్ గురించి డాక్టర్ మాట్లాడటంలో ఆశ్చర్యం లేదు. 'వీపులో రంధ్రమా' అని మీరు భయపడి ఇంకో ఆస్పత్రికి వెళ్లే ముందు ఈ లెక్క ఒకసారి చూడండి.

మూత్రనాళం విషయానికొస్తే, బ్లాడర్‌కు దగ్గరగా కింది భాగంలో ఉన్న రాయికి యూఆర్‌ఎస్ ఫలితాలు చాలా బాగుంటాయి. పై భాగంలో ఉన్నది పగలగొట్టేటప్పుడు వెనక్కి కిడ్నీలోకి జారిపోవచ్చు. దాన్ని వైఫల్యం అనుకోకూడదు. వంగే స్కోప్ ఆ ఆపరేషన్ థియేటర్‌లో సిద్ధంగా ఉందా లేదా అన్నదే తేడా.

గట్టిదనం చెప్పే ఆ నంబర్

సీటీ రిపోర్టులో సైజు పక్కన 'హెచ్‌యూ' అని ఒక నంబర్ ఉంటుంది. హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. రాయి సాంద్రతను చెప్పే కొలత. చాలామంది దీన్ని చూడనే చూడరు. ఇది 1,000 దాటితే షాక్ తరంగాలకు ఆ రాయి అంత సులువుగా లొంగదు. చర్మం నుంచి రాయి వరకు దూరం 10 సెంటీమీటర్లు దాటినా అదే ఇబ్బంది. అంటే ఒళ్లు బాగా ఉన్నవాళ్లలో తరంగాల శక్తి రాయిని చేరేలోపే తగ్గిపోతుంది. ఈ రెండూ ఉన్నా 'ముందు షాక్ ఇచ్చి చూద్దాం' అంటే ఎందుకని అడగండి. రెండు మూడు సిటింగుల ఖర్చూ, నొప్పీ భరించి, చివరికి లేజర్‌కే వెళ్లినవాళ్లు తక్కువేం కాదు.

లేజర్‌కు మాత్రం గట్టిదనం పెద్ద అడ్డు కాదు, టైమ్ ఎక్కువ పడుతుందంతే. హోల్మియం లేజర్ చాలాకాలంగా వాడుకలో ఉంది. కొత్తగా వచ్చిన థూలియం ఫైబర్ లేజర్ రాయిని మరింత సన్నని పొడిగా చేస్తుంది.

నంబర్ బాగా తక్కువగా, 500 లోపు ఉంటే అది యూరిక్ యాసిడ్ రాయి అయ్యే అవకాశముంది. ఎక్స్‌రేలో అది కనిపించదు కూడా. యూరిన్‌లో ఆమ్లగుణం తగ్గించే పొటాషియం సిట్రేట్ లాంటి మందులతో ఈ రకం రాళ్లు కరుగుతాయి. కొన్ని వారాల నుంచి నెలలు పట్టొచ్చు, డాక్టర్ పర్యవేక్షణ కావాలి. మందుతో నిజంగా కరిగే రాయి ప్రధానంగా ఇదే. ఎక్కువమందిలో కనిపించే కాల్షియం ఆక్సలేట్ రాళ్లు మందులతో కరగవు, ప్రకటనలు ఏం చెప్పినా సరే.

జింక కొమ్ములాంటి రాయి, ఒక బ్రిటిష్ స్కోరు

కొన్ని రాళ్లు ఒక గదితో ఆగవు. కిడ్నీ మధ్య భాగం నుంచి గదులన్నిటిలోకీ కొమ్మలు వేసుకుంటూ పెరుగుతాయి. రిపోర్టులో దీన్ని 'స్టాగ్‌హార్న్' అని రాస్తారు. జింక కొమ్ము ఆకారం అన్నమాట. వీటిలో చాలావాటికి ఇన్ఫెక్షన్‌తో సంబంధం ఉంటుంది.

ఇలాంటి తేడాలను ఒక లెక్కలో పెట్టడానికి లండన్‌లోని గైస్ ఆస్పత్రి డాక్టర్లు 2011లో ఒక స్కోరు తయారుచేశారు. పీసీఎన్ఎల్ చేయించుకునేవాళ్లను నాలుగు గ్రేడ్లుగా విభజించారు. మామూలు ఆకారంలో ఉన్న కిడ్నీలో మధ్యలోనో, కింది గదిలోనో ఒకే రాయి ఉంటే మొదటి గ్రేడ్. పూర్తి స్టాగ్‌హార్న్ అయితే నాలుగోది. వాళ్ల పేషెంట్లలో ఒక్క ఆపరేషన్‌తో రాయి పూర్తిగా పోయినవాళ్లు మొదటి గ్రేడ్‌లో 81 శాతం, రెండో గ్రేడ్‌లో 72 శాతం, మూడో దానిలో 35, నాలుగో దానిలో 29. చూశారా, ఒకే ఆపరేషన్. ఒకరికి పదిలో ఎనిమిది, ఇంకొకరికి పదిలో మూడు. మీ పక్కింటాయనకు ఒక్క రోజులో అయిపోయిందంటే మీకూ అలాగే అవ్వాలని లేదు.

2013లో అమెరికా నుంచి 'స్టోన్' అనే మరో స్కోరు వచ్చింది. రాయి సైజు, వీపు నుంచి రాయి దాకా దూరం, కిడ్నీ వాపు, ఎన్ని గదుల్లో రాళ్లున్నాయి, గట్టిదనం అనే ఐదు అంశాలకు మార్కులు వేస్తారు. 5 వస్తే తేలిక, 13 వస్తే కష్టం. అదే ఏడాది క్రోస్ గ్రూపు ఇంకొకటి తెచ్చింది. అందులో ఒక కొత్త అంశం చేర్చారు: ఆ ఆస్పత్రి ఏడాదికి ఎన్ని కేసులు చేస్తుంది అన్నది. దాని గురించి కిందికి వెళ్లాక మాట్లాడుకుందాం. మీరు స్కోరు లెక్కలు నేర్చుకోనక్కర్లేదు. 'నా రాయి ఏ గ్రేడ్ కిందికి వస్తుంది డాక్టర్ గారూ?' అని అడిగితే చాలు. జవాబు కన్నా ఆ జవాబు చెప్పే తీరే మీకు చాలా విషయాలు చెబుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: యూరిన్ కల్చర్

రాయి ముక్క మిగిలితే ఇంకోసారి తీయొచ్చు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. కీహోల్ ఆపరేషన్లలో నిజంగా భయపడాల్సింది దీనికే. రాయి లోపల బ్యాక్టీరియా దాక్కుని ఉంటుంది. పగలగొట్టినప్పుడు బయటపడుతుంది. చూపు స్పష్టంగా ఉండటానికి లోపలికి పంపే నీటి ఒత్తిడికి అది రక్తంలోకి చేరుతుంది. ఆపరేషన్ సాయంత్రం చలి, వణుకు, జ్వరం, బీపీ పడిపోవడం. చిన్న ప్రొసీజర్ అని వెళ్లిన మనిషి ఐసీయూలో ఉంటాడు.

దీన్ని చాలావరకు నివారించొచ్చు. ఆపరేషన్‌కు ముందు యూరిన్ కల్చర్ చేయాలి. ఇది మామూలు యూరిన్ పరీక్ష కాదు. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వాలి. మొదట వచ్చే యూరిన్ వదిలేసి మధ్యలోది పట్టాలి. బ్యాక్టీరియా ఉందని తేలితే, దానికి పనిచేసే మందు వాడి, అదుపులోకి వచ్చాకే ఆపరేషన్. నిన్న సాయంత్రం అడ్మిట్, ఈ ఉదయం ఆపరేషన్ అంటే, ఆ మధ్యలో కల్చర్ రిపోర్టు ఎలా వచ్చిందో అడగండి. అంతకుముందే చేసి ఉంటే సరే. లేకపోతే రెండు రోజులు ఆగడమే మేలు.

కల్చర్ బాగుందని వచ్చినా రిస్కు పూర్తిగా పోదు. బ్లాడర్‌లోని యూరిన్ శుభ్రంగా ఉండి, అడ్డుపడ్డ రాయి వెనకాల ఉన్నది చెడిపోయి ఉండొచ్చు. మహిళల్లో, షుగర్ ఉన్నవాళ్లలో, స్టాగ్‌హార్న్ రాళ్లున్నవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ టైమ్ కూడా ముఖ్యం. గంటన్నర దాటేకొద్దీ ఇన్ఫెక్షన్ రిస్కు పెరుగుతుంది. అందుకే కొన్నిసార్లు డాక్టర్ సగంలో ఆపి, స్టెంట్ వేసి, మిగతాది ఇంకో రోజు చేద్దామంటారు. బంధువులకు అది చేతకానితనంలా కనిపిస్తుంది. నిజానికి మంచి సర్జన్‌కు ఉండాల్సిన లక్షణాల్లో ఎప్పుడు ఆపాలో తెలియడం ఒకటి.

ఒక హెచ్చరిక మాత్రం సూటిగా చెప్పాలి. రాయి ఉందని తెలిసి, నొప్పితో పాటు చలిజ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోవద్దు. ఉన్నది ఒకే కిడ్నీ అయినా, యూరిన్ పూర్తిగా ఆగిపోయినా అంతే. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అప్పుడు చేయాల్సింది రాయి తీయడం కాదు, ముందు స్టెంట్ గానీ వీపు నుంచి గొట్టం గానీ వేసి, చెడిపోయిన యూరిన్‌ను బయటకు పంపడం. రాయి సంగతి తర్వాత. 'జ్వరం ఉన్నా పర్లేదు, రాయి కూడా ఇప్పుడే తీసేయండి' అని మీరు ఒత్తిడి చేయకండి.

చేతి అలవాటు

పీసీఎన్ఎల్‌లో కష్టమైన ఘట్టం మొదటి ఐదు పది నిమిషాలే. వీపు నుంచి సూదిని కిడ్నీలోని సరైన గదిలోకి సరైన కోణంలో దించడం. అది కుదిరితే సగం పని అయిపోయినట్టే. తప్పితే రక్తస్రావం, మిగిలిపోయిన రాళ్లు. ఈ పని చేతికి అబ్బడానికి దాదాపు 60 కేసులు పడతాయని, నైపుణ్యం స్థిరపడటానికి వంద దాటాలని అధ్యయనాలు చెబుతున్నాయి. క్రోస్ స్కోరులో ఆస్పత్రి కేసుల సంఖ్యను చేర్చింది అందుకే. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, నా ఆపరేషన్ చేసేది మీరేనా అని అడగడం అమర్యాద కాదు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి పెద్ద ప్రభుత్వ సంస్థల్లో యూరాలజీ విభాగాలున్నాయి. వెయిటింగ్ ఉంటుంది, ఓపీలో నిలబడాల్సి వస్తుంది. కానీ కేసుల సంఖ్య విషయంలో వాటికి లోటుండదు.

మీ ఒంటి సంగతి కూడా లెక్కలోకి వస్తుంది. గతంలో అదే కిడ్నీకి ఆపరేషన్ అయినా, పుట్టుకతో కిడ్నీ ఆకారం తేడాగా ఉన్నా ముందే చెప్పండి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ విషయం అందరికంటే ముందు చెప్పాలి. వాటిని మీ అంతట మీరు ఆపేయొద్దు. ఎప్పుడు ఆపాలో కార్డియాలజిస్టు, యూరాలజిస్టు కలిసి తేల్చాలి. గర్భిణులకు షాక్ తరంగాలు ఇవ్వరు. షుగర్ అదుపులో లేకపోతే వాయిదా వేయడానికి అది సరైన కారణమే.

ఆరోగ్యశ్రీ, వైద్య సేవలో చేయించుకుంటే

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, కేంద్రం నుంచి ఆయుష్మాన్ భారత్ కార్డు. వీటిలో కిడ్నీ రాళ్ల ఆపరేషన్లకు ప్యాకేజీలున్నాయి. తెలంగాణలో పరిమితి రూ.10 లక్షలు, ఏపీలో రూ.25 లక్షలు. రాయి ఆపరేషన్ ప్యాకేజీ ఆ పరిమితికి చాలా కిందే ఉంటుంది కాబట్టి ఆ అంకెతో మీకు పెద్దగా పని లేదు. పని ఉన్నది ప్యాకేజీ పేరుతో. యూఆర్‌ఎస్, పీసీఎన్ఎల్, షాక్ తరంగాలు దేనికది వేరు. అనుమతి దేనికి తీసుకున్నారో అదే చేస్తారు. డాక్టర్ సూచించిన పద్ధతి, అనుమతికి పంపిన పద్ధతి ఒకటేనా అని అడ్మిషన్ రోజే చూసుకోండి. తెలంగాణలోని నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో ఆరోగ్య మిత్ర, ఏపీలో వైద్య మిత్ర కౌంటర్ ఉంటుంది. అక్కడ తేలకపోతే 104కు, ఆయుష్మాన్ అయితే 14555కు ఫోన్ చేయొచ్చు.

అడ్మిట్ కాకముందే తేల్చుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. రాయి మిగిలి రెండో సిటింగ్ అవసరమైతే అది పథకంలోనే చేస్తారా, మీ జేబు నుంచి కట్టాలా? తర్వాత స్టెంట్ తీయడం ఈ ప్యాకేజీలోనే కలిసి ఉందా, విడిగా కట్టాలా? ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లూ ఇవే ప్రశ్నలు టీపీఏ డెస్క్ దగ్గర అడగాలి. కొన్ని పాలసీల్లో రాళ్ల చికిత్సకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, మీ పాలసీ కాగితం చూసుకోండి.

మర్చిపోయిన స్టెంట్

ఆపరేషన్ తర్వాత కిడ్నీకీ బ్లాడర్‌కూ మధ్య సన్నని ప్లాస్టిక్ గొట్టం ఉంచుతారు. దాన్ని డీజే స్టెంట్ అంటారు. అది ఉన్నన్ని రోజులూ మాటిమాటికీ యూరిన్‌కు వెళ్లాలనిపిస్తుంది, పోసేటప్పుడు నడుములో లాగినట్టుంటుంది, కాస్త ఎర్రగా కూడా రావొచ్చు. ఇవి సాధారణమే. సమస్య ఈ బాధలు తగ్గిన తర్వాత మొదలవుతుంది. మనిషి స్టెంట్ ఉందన్న సంగతే మర్చిపోతాడు. ఊరు వెళ్లిపోతాడు, నంబర్ మారుతుంది, డిశ్చార్జ్ కాగితం పోతుంది. మూడు నెలలు దాటేకొద్దీ ఆ గొట్టం మీదే రాళ్లు పేరుకుంటాయి. ఏళ్లు గడిస్తే గొట్టం తీయడానికే మళ్లీ పెద్ద ఆపరేషన్ కావాలి, కొందరిలో కిడ్నీయే దెబ్బతింటుంది. పది నిమిషాల్లో అయ్యే పని అది. డిశ్చార్జ్ సమ్మరీలో 'డీజే స్టెంట్' అన్న మాట ఉందో లేదో ఆస్పత్రి గేటు దాటకముందే చూడండి. ఉంటే ఫోన్‌లో తేదీతో రిమైండర్ పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి. అమ్మానాన్నలకు ఆపరేషన్ అయితే ఆ బాధ్యత పూర్తిగా మీదే.

తర్వాత ఏం చూడాలి?

నొప్పి తగ్గిందంటే రాయి పోయిందని కాదు. కొన్ని వారాల తర్వాత, సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల మధ్య స్కాన్ చేయించుకోవాలి. గట్టి రాళ్లకు, ఎక్కువ రాళ్లున్నవాళ్లకు లో డోస్ సీటీ అయితే మేలు. ముక్క మిగిలిందని తేలినా కంగారు పడొద్దు. దాని సైజు, స్థానం, ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్నవి చూసి ఆగాలా, తీయాలా నిర్ణయిస్తారు. ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడిన రాళ్లలో మాత్రం చిన్న ముక్కను కూడా వదలకూడదు.

తీసిన రాయిని ల్యాబ్‌కు పంపమని అడగండి. చాలాచోట్ల దాన్ని చిన్న డబ్బాలో వేసి చేతికిస్తారు, ఇంట్లో షోకేసులో పెట్టుకుంటారు. అది ఏ రకం రాయో తెలిస్తేనే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది. పాలు, పెరుగు మానేయమన్న సలహా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. కాల్షియం ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లకు అది తప్పు సలహా. ఆహారంలో కాల్షియం తగ్గితే ఆక్సలేట్ ఎక్కువగా ఒంట్లోకి చేరుతుంది. తగ్గించాల్సింది ఉప్పు. అంటే ఊరగాయలు, అప్పడాలు, చిప్స్ ప్యాకెట్లు.

నీళ్ల విషయంలో ఇటలీ పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించారు. రోజుకు 2 లీటర్లకు పైగా యూరిన్ వచ్చేలా నీళ్లు తాగిన గుంపులో 12 శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది. మామూలుగా తాగినవాళ్లలో 27 శాతం మందికి వచ్చింది. ఇక్కడ లెక్క తాగిన నీళ్లది కాదు, బయటకు వచ్చిన యూరిన్‌ది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో తిరిగే మనిషికి 3 లీటర్లు తాగినా సగం చెమటగా పోతుంది. బాటిళ్లు లెక్కపెట్టుకునే బదులు యూరిన్ రంగు చూసుకోండి. రోజంతా లేత పసుపులో, దాదాపు నీళ్లలా ఉంటే సరిపోయినట్టు. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి యూరిన్‌కు లేచినప్పుడు ఇంకో గ్లాసు తాగడం కూడా మంచిదే, గుండె లేదా కిడ్నీ జబ్బుతో నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పకపోతే.